ముంగిలి తోట: ఉష్ణమండలంలో కొత్త ఇంటి ముందు తోట రూపకల్పన

నిర్వచనం, పరిధి

ఇంటి సింహద్వారానికీ ప్రహరీ గేటుకూ మధ్య మిగిలే జాగాలో చెట్లు, పొదలు, తీగలు, నడకదారి, వాననీటి ఏర్పాట్లు కలిపి తీర్చే తోటను ముంగిలి తోట అంటారు. కూరగాయలు పండే పెరటి తోట (చూ. పెరడు), కుండీల్లో పెంచే మిద్దె తోట (చూ. మిద్దె సాగు) దీనికి దగ్గరివే అయినా వాటి పని వేరు. వీధి దుమ్మూ, ఎండా, వాననీరూ, వచ్చిపోయే మనుషులూ బండ్లూ ముందుగా తాకేది ముంగిలినే. ఉష్ణమండలం భూమధ్యరేఖకు రెండు వైపులా దాదాపు 23.5 డిగ్రీల అక్షాంశం దాకా విస్తరించింది. సుమారు 12.5 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పూర్తిగా ఈ మండలంలోనివే కనుక ఈ వ్యాసం ఆ రెండు రాష్ట్రాల ఇళ్లను ఆధారం చేసుకుంటుంది. ఇల్లు కట్టడం పూర్తయి, రంగులు వేసి, గృహప్రవేశం చేసుకున్నాక మిగిలిన జాగాలో నాలుగు మొక్కలు పెట్టడమే తోట అన్న అభిప్రాయం వాడుకలో ఉంది. ఇక్కడి ఎండావానల తీరును చూస్తే అది నిలవదు. ఉష్ణమండలంలో ముంగిలి తోట ఇంటిని చల్లగా ఉంచే, వాననీటిని నేలలోకి దింపే కట్టుబడి భాగం. అందువల్ల దాని రూపకల్పన ఇంటి ప్లానుతో పాటే మొదలు కావాలి. అందులో మొదటి లెక్క నీడది, రెండోది నీటిది, మూడోది మట్టిది. పూల వరుసలు, రంగుల పొందిక ఆ తర్వాతి సంగతి.

చరిత్ర

పాతకాలపు తెలుగు పల్లె ఇంటికి ముందు వైపు ఉండేది తోట కాదు, వాకిలి. తెల్లవారుజామున ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేయడానికి, ధాన్యం ఆరబోయడానికి, బండి విప్పడానికి ఆ నేలను ఖాళీగా ఉంచేవారు. ముంగిట్లో కనిపించే పచ్చదనం తులసికోట, గుమ్మం మీదికి పాకిన జాజి పందిరి, వీధి వారన ఒక వేపో కానుగో. నీడ బాధ్యత అరుగుల మీదికి దిగిన వసారాది. మొక్కల సందడంతా పెరట్లోనే ఉండేది. కరివేపాకు, మునగ, నిమ్మ అక్కడ పెరిగేవి. స్నానాల నీళ్లు, అంట్ల నీళ్లు పారే చోట అరటి, కంద పెరిగేవి. వాడిన నీటిని వృథా చేయకుండా చెట్టుకు మళ్లించే పద్ధతి అప్పుడే ఉంది. చెట్ల మధ్య దూరం గురించిన ఆలోచన మరీ పాతది. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడి బృహత్సంహితలో వృక్షాయుర్వేద అధ్యాయం చెట్టుకూ చెట్టుకూ మధ్య 20 హస్తాలు ఉత్తమమనీ, 16 మధ్యమమనీ, 12కు తగ్గకూడదనీ నిర్దేశించింది. హస్తం అంటే దాదాపు అడుగున్నర కాబట్టి కనీస దూరమే 18 అడుగులవుతుంది. అరిష్టం, అశోకం, పున్నాగ, శిరీషం, ప్రియంగువు ఇళ్ల దగ్గర ముందుగా నాటదగినవని కూడా అదే అధ్యాయం చెప్పింది.

దక్కనులో కుతుబ్‌షాహీల కాలంలో పారశీక పద్ధతి తోటలు వచ్చాయి. చుట్టూ గోడలు, మధ్యలో నీటి కాలువలు, వాటి వెంట చెట్ల వరుసలు వీటి లక్షణం. 1591లో పునాది పడ్డ హైదరాబాదును యూరోపియన్ యాత్రికులు బాగ్‌నగర్ అని రాశారు. బ్రిటిష్ కంటోన్మెంట్లతో బంగళా నమూనా వచ్చింది. స్థలం నడుమ ఇల్లు, చుట్టూ ఖాళీ, ముందు కత్తిరించిన పచ్చిక, పోర్టికో మెట్లకు రెండు వైపులా కుండీలు దాని ఆనవాళ్లు. చల్లటి, తేమ గల దేశంలో పుట్టిన పచ్చిక మైదానం నడివేసవిలో రోజూ నీళ్లు తోడించే ఏర్పాటుగా ఇక్కడ మారింది. నీళ్లు పోసే పనివాళ్లున్న పెద్ద బంగళాల్లో అది నడిచింది. తరువాత వచ్చిన నగర కాలనీలు ఆ బంగళా ముఖాన్ని చిన్న స్థలాల్లోకి కుదించుకున్నాయి. 20వ శతాబ్దిలో ఉష్ణమండల దేశాలు తమ వాతావరణానికి తగిన తోటను తామే వెతుక్కున్నాయి. బ్రెజిల్‌లో రాబర్టో బర్లె మార్క్స్ (1909–1994) యూరప్ నుంచి తెచ్చిన పూలమడులను పక్కన పెట్టి స్వదేశీ మొక్కలతో తోటలు కూర్చాడు. శ్రీలంకలో జెఫ్రీ బావా (1919–2003) ఇంటి గోడకూ తోటకూ మధ్య గీతను చెరిపేసి వరండా, ప్రాంగణం, చెట్టు మూడింటినీ ఒకే ప్లానులో గీశాడు. సింగపూర్ 1963లో మొదలుపెట్టిన చెట్లు నాటే ఉద్యమం నీడను నగర సదుపాయంగా పరిగణించింది. వారి శైలులు వేరైనా, మొక్కను ఇంటికి చివరి మెరుగుగా కాక మొదటి నిర్ణయంగా చూడడం వారందరిలోనూ ఉంది.

ఎండ దిశ, నీడ లెక్క

హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మే రెండో వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ, మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. తిరుపతిలో అది ఏప్రిల్ చివరి వారం, ఆగస్టు మూడో వారం. ఈ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపు నుంచి పడుతుంది. డిసెంబరు చివర్లో హైదరాబాదులో మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకే పరిమితమవుతాడు. దీన్ని బట్టి ఇంటి నాలుగు ముఖాలకు నాలుగు రకాల ఎండ తగులుతుంది. దక్షిణ ముఖానికి ఎండ ఎక్కువగా చలికాలంలో వస్తుంది. పైనున్న సజ్జ దాన్ని చాలావరకు ఆపగలదు. ఉత్తర ముఖానికి వేసవి చివర్లో కొద్దిగా తగులుతుంది. తూర్పు ఎండ గాలి ఇంకా వేడెక్కని వేళ వస్తుంది. పడమటి ఎండ మాత్రం అప్పటికే గాలీ నేలా కాగి ఉన్న వేళ, ఏటవాలుగా, నేరుగా గోడ మీద పడుతుంది. ఆ వేడిని గోడ దాచుకుని రాత్రి గదుల్లోకి వదులుతుంది.

సజ్జ ఉండగా చెట్టెందుకు అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఏప్రిల్ చివర్లో హైదరాబాదులో సాయంత్రం 4 గంటలకు సూర్యుడు దాదాపు 36 డిగ్రీల ఎత్తులో, 5 గంటలకు 22 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. పడమటి కిటికీ మీద రెండడుగుల సజ్జ ఉంటే దాని నీడ 4 గంటలకు ఒకటిన్నర అడుగు కిందికి, 5 గంటలకు అడుగు కన్నా తక్కువ మేర దిగుతుంది. కిటికీలో ముప్పాతిక భాగం ఎండలోనే మిగిలిపోతుంది. అదే గోడకు 8 అడుగుల దూరంలో 15 అడుగుల ఎత్తు చెట్టు ఉంటే, దాని నీడ 4 గంటలకు గోడ మీద 9 అడుగుల ఎత్తు వరకూ, 5 గంటలకు 12 అడుగుల వరకూ కప్పుతుంది. అడ్డంగా చాచిన సిమెంటు పలక ఆపలేని ఎండను నిలువుగా పెరిగిన ఆకుల తెర ఆపుతుంది. చెట్టు మరో పని కూడా చేస్తుంది. సిమెంటు పలక తాను వేడెక్కి ఆ వేడిని కిందికి వదిలితే, ఆకు నీటిని ఆవిరి చేస్తూ చల్లబడుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం నీడలో ఉన్న ఉపరితలాలు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉన్నవాటి కంటే 11 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లగా ఉండగలవు.

దీన్ని బట్టి రూపకల్పనలో మొదటి గీత తేలిపోతుంది. పడమర ముఖం ఇంటికి ముంగిలి తోటలో చెట్టు తప్పనిసరి. దక్షిణ ముఖం ఇంటికి చెట్టు నైరుతి మూలకు జరగాలి. తూర్పు, ఉత్తర ముఖాల ఇళ్లకు ముందు వైపు తేలికపాటి పొదలు, ఎత్తు తక్కువ తీగలు చాలు. పెద్ద నీడ ఇంటి వెనకో పక్కనో కావాలి. ఎత్తయిన చెట్లు నైరుతిలో ఉండాలనీ ఈశాన్యం తెరపిగా ఉండాలనీ వాస్తు (చూ. వాస్తు శాస్త్రం) చెప్పే నియమం ఈ అక్షాంశంలో ఎండ లెక్కతో చాలావరకు కలుస్తుంది. వాస్తును పాటించేవారికీ పట్టించుకోనివారికీ ఈ విషయంలో పేచీ రాదు.

స్థల ప్రణాళిక

కాలనీల్లో తరచుగా కనిపించే 200 గజాల స్థలాన్ని తీసుకుంటే లెక్క స్పష్టమవుతుంది. 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు ఉన్న స్థలంలో ముందు 10 అడుగులు వదిలితే ముంగిలి 300 చదరపు అడుగులు, అంటే సుమారు 28 చదరపు మీటర్లు. కారు గేటుకు 10 అడుగులు, మనుషులు నడిచే గేటుకు 4 అడుగులు పోతే తోటకు మిగిలేది 16 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. ఒక చిన్న చెట్టుకూ, రెండు మూడు పొదలకూ, ఒక పందిరికీ ఇది సరిపోతుంది. అసలు చిక్కు వేరే ఉంది. నీళ్ల సంపు, బోరు, డ్రైనేజీ చాంబరు, కరెంటు మీటరు, కొన్ని ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు కూడా ఈ పదహారడుగుల్లోకే వచ్చి చేరతాయి. ప్లాను గీసే రోజున ఇవి ఎక్కడో ఒకచోట పడితే చాలనుకుంటారు. తోట గుర్తొచ్చేసరికి నేల కింద చెట్టుకు చోటు మిగలదు. మొక్క వేద్దామని తవ్విన గునపానికి సంపు శ్లాబు తగులుతుంది. ముంగిలి తోట ఇంటి ప్లానుతోనే మొదలు కావాలనడానికి ఇంతకన్నా బలమైన ఆధారం అక్కర్లేదు.

పరిష్కారం ఖర్చుతో కూడినదేమీ కాదు. కారు నిలిపే చోట నేలను ఎలాగూ గట్టిగా కప్పాలి కనుక, బరువు మోసే శ్లాబు వేసి సంపును దాని కిందికి జరపవచ్చు. చాంబర్లు, పైపులు ఒకే వైపు ప్రహరీ వెంట వరుసగా పోతే రెండో వైపు నేల తవ్వకానికి స్వేచ్ఛగా ఉంటుంది. చెట్టు గుంతను పునాదుల దశలోనే గుర్తించి ముగ్గు పోసి ఉంచితే మేస్త్రీలు అక్కడ ఇసుక, కంకర, కలిపిన మాలు పోయరు. గుమ్మానికీ గేటుకూ మధ్య ముగ్గుకు చాలినంత చదును నేల మిగలాలి. దీనికి షాబాదు, తాండూరు లేదా బేతంచెర్ల బండలను సిమెంటు మీద కాక ఇసుక పరుపు మీద, సందుల్లో ఇసుక నింపి పరిస్తే ఊడ్చుకోవడానికి వీలుగా ఉంటుంది, వాననీరూ సందుల్లోంచి దిగుతుంది. నడకదారి ఇద్దరు పక్కపక్కన నడిచేంత, అంటే నాలుగడుగులు ఉండాలి. చక్రాల కుర్చీకి మెట్ల పక్కన వాలు దారి పెట్టాలంటే ఆ జాగా కూడా మొదటే కేటాయించాలి. తులసికోటకు పూటంతా ఎండ కావాలి కాబట్టి చెట్టు నీడ పడని తూర్పు, ఈశాన్య భాగం దానికి నప్పుతుంది.

వాననీరు, తడి

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు. ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడే హైదరాబాదులో 100 చదరపు మీటర్ల మిద్దె మీద 80,000 లీటర్లు పడతాయి. ఆవిరి, కారుడు పోయినా అందులో పెద్ద భాగం పైపుల ద్వారా కిందికి వస్తుంది. ముంగిలి అంతటా టైల్స్ పరిచి వీధి వైపు వాలు ఇస్తే ఆ నీరంతా గంటలో రోడ్డెక్కుతుంది. వేసవిలో అదే ఇంటివారు ట్యాంకరు కొంటారు. ఇంకుడు గుంత (చూ. వాననీటి సంరక్షణ) ఈ రెంటినీ కలిపే ఏర్పాటు. అడుగున 40 మిల్లీమీటర్ల కంకర, దాని మీద 20 మిల్లీమీటర్ల కంకర, ఆపైన దొడ్డు ఇసుక నింపి, పైన జానెడు ఖాళీ వదిలిన గుంతలోకి మిద్దె నీటిని వడకట్టి పంపుతారు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, వృక్షాల చట్టం (చూ. వాల్టా) భూగర్భ జలాల సంరక్షణకూ చెట్ల నరికివేతపై నియంత్రణకూ చట్టరూపం ఇచ్చింది. పునాదికి మరీ దగ్గరగా, ముఖ్యంగా నల్లరేగడి నేలలో, ఇంకుడు గుంత తవ్వకూడదు. ముంగిలిలో పునాదికి దూరమైన చోటు ప్రహరీ మూల. చెట్టుకూ అదే చోటు కావాలి. ఈ రెండూ పక్కపక్కన ఉండడం మేలే: గుంత చుట్టూ చేరిన తడిని వేర్లు వాడుకుంటాయి, వేర్లు వదులు చేసిన మట్టిలో నీరు త్వరగా దిగుతుంది. గుంతలోకి వేర్లు రాకుండా కొన్నేళ్లకొకసారి కంకర తీసి కడగాల్సి ఉంటుంది.

చిన్న తోటలో నేల వాలు కూడా నీటి ఏర్పాటే. నడకదారిని రెండంగుళాలు ఎత్తులో, మొక్కల పాదులను రెండు మూడంగుళాలు పల్లంలో ఉంచితే వాననీరు దానంతటదే పాదుల్లోకి వెళ్తుంది. కాలనీల్లో ఎక్కువగా కనిపించేది దీనికి తిరగబడ్డ అమరిక. ఇటుకలతో ఎత్తు మడి కట్టి దాంట్లో మట్టి నింపుతారు. చుట్టూ నీరు పారుతుంటే మడి మాత్రం ఎండిపోతుంది.

నేల

కొత్త ఇంటి ముందున్న మట్టి కట్టుబడి శిథిలాలు కలిసిన పూడ్పు. ఇటుక ముక్కలు, గట్టిపడిన మాలు, సున్నపు పొడి, పుట్టీ, ప్లాస్టిక్ సంచులు అందులో కలిసిపోయి ఉంటాయి. లారీలు తిరిగి అది బిగుసుకుపోయి ఉంటుంది. సిమెంటు, సున్నం వల్ల క్షారగుణం పెరిగి ఇనుము వంటి పోషకాలు మొక్కకు అందవు. ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరిగిన మందారం, నూరువరహాలు ఆకులు దీనికి గుర్తు. దీనికి ఎరువు వేసి ప్రయోజనం లేదు, మట్టి మార్చాలి. చెట్టుకు మూడడుగుల పొడవు, వెడల్పు, లోతున, పొదలకు ఒకటిన్నర రెండడుగుల మేర తవ్వి శిథిలాలను తీసేసి, మంచి పైమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొంత ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపి నింపుతారు. నల్లరేగడి నేల అయితే ఇసుక పాలు పెంచుతారు. ఎర్ర నేల, తీరపు ఇసుక నేల అయితే ఎరువు పాలు పెంచుతారు.

రెండు రాష్ట్రాల్లో అమ్ముడయ్యే అలంకార మొక్కల్లో చాలాభాగం తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచి వస్తాయి. గోదావరి ఒండ్రులో పెరిగిన ఆ మొక్కల వేర్ల చుట్టూ తరచుగా బంకమట్టి ముద్ద ఉంటుంది. తడిగా ఉన్నంతకాలం అది మొక్కను ప్రయాణంలో కాపాడుతుంది. తెలంగాణ ఎర్రమట్టిలో దాన్ని ఉన్నదున్నట్టు పాతితే, చుట్టూ మట్టి తడిసినా ముద్ద ఎండి రాయిలా గట్టిపడుతుంది. వేర్లు బయటికి రాలేక మొక్క నెలలో వాడిపోతుంది. నాటే ముందు సంచి చింపి, ముద్దను బకెట్ నీళ్లలో కొంతసేపు నానబెట్టి, అంచుల్లో మట్టిని వేళ్లతో మెల్లగా వదులు చేసి నాటడం దీనికి విరుగుడు.

మొక్కల ఎంపిక

చిన్న ముంగిలిలో ప్రధాన నీడకు పొగడ, పారిజాతం, దేవగన్నేరు నప్పుతాయి. పొగడ ఏడాది పొడవునా ఆకుతో ఉండి, మెల్లగా పెరిగి, గుబురుగా నీడనిస్తుంది. పారిజాతం త్వరగా పెరుగుతుంది, కత్తిరింపుకు లొంగుతుంది. రాలే పూల కోసం దాని కింద చదును నేల ఉంచడం ఆనవాయితీ. దేవగన్నేరు చలికాలంలో ఆకు రాల్చి ఎండను లోపలికి వదులుతుంది. 300 గజాలు దాటిన స్థలాల్లో వేప, కానుగ, రేల, సంపంగిలకు వీలుంటుంది. పండ్ల చెట్లలో జామ, దానిమ్మ, నిమ్మ చిన్న జాగాలో ఇముడుతాయి. మామిడికి పది మీటర్ల ఎడం అలవాటు కనుక చిన్న ముంగిలి చాలదు. మునగ పెరటికి మంచిదే కానీ ముంగిలికి పనికిరాదు. పెళుసు కొమ్మలు గాలికి విరుగుతాయి, వానాకాలంలో దాని కాండం మీద గుంపుగా చేరే గొంగళి పురుగులు గుమ్మం దాకా పాకుతాయి. ఎర్ర తురాయి మడగాస్కర్ నుంచి వచ్చి మన రోడ్లకు అందాన్నిచ్చినా, పైపైన పాకే వేర్లు, విరిగే కొమ్మల వల్ల ఇంటి ముందుకు తగదు. రావి, మర్రి, జువ్వి గోడల దగ్గర మొలిస్తే చిన్నగా ఉండగానే తీసేయాలి. త్వరగా పచ్చగోడ కావాలని విరివిగా నాటిన కోనోకార్పస్‌ను పుప్పొడి, వేర్ల సమస్యల కారణంగా 2023లో గుజరాత్ ప్రభుత్వం నిషేధించింది. తెలంగాణలోనూ దాన్ని నాటొద్దని ఆదేశాలు వెలువడ్డాయి.

చెట్టు నీడ ఇచ్చేసరికి నాలుగైదేళ్లు పడుతుంది. అప్పటిదాకా ఆ పని పందిరి చేస్తుంది. ఇనుప గొట్టాల చట్రం మీద రాధామనోహరం, మాధవీలత, సన్నజాజి పాకిస్తే రెండో వేసవికే పడమటి కిటికీకి తెర దొరుకుతుంది. కాగితపు పూల తీగ ఎండకూ నీటి ఎద్దడికీ తట్టుకుంటుంది కానీ, దాని ముళ్ల వల్ల నడకదారికి ఎడంగా ఉండాలి. పొదల్లో మందారం, నందివర్ధనం, మల్లె, నూరువరహాలు పూజకూ జడకూ పూలిస్తాయి. మల్లెను చలికాలంలో ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, కొన్నాళ్లు నీరు తగ్గించి, మళ్లీ ఎరువు వేసి తడిపితే వేసవి పొడవునా మొగ్గ తొడుగుతుంది. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు నీరు లేకున్నా బతికే గట్టి మొక్కలే. అయితే వాటి అన్ని భాగాలూ విషపూరితం. పసిపిల్లలున్న ఇంట్లో వాటిని ముంగిట్లో పెట్టకపోవడమే సబబు.

పచ్చిక

గరిక, మెక్సికన్ గడ్డి ముంగిట్లో పరిచే ప్రధాన రకాలు. రెండూ రోజుకు ఐదారు గంటల ఎండ కోరతాయి. అంటే చెట్టు నీడా పచ్చికా ఒకే చోట పొసగవు. నడివేసవిలో చదరపు మీటరు పచ్చిక రోజుకు సుమారు 5 నుంచి 8 లీటర్ల నీరు తాగుతుంది. 15 చదరపు మీటర్లకు అది 75 నుంచి 120 లీటర్లు. పిల్లలు ఆడుకోవడానికి మెత్తటి నేల కావాలని, టైల్స్ కన్నా గడ్డి చల్లగా ఉంటుందని పచ్చికను సమర్థించేవారు చెప్పేది నిజమే. కానీ గడ్డి తన మీద పడ్డ ఎండను మాత్రమే తగ్గిస్తుంది, గోడ మీద పడే ఎండను ఆపదు. అదే నీటిలో కొద్ది భాగం ఒక చెట్టుకిస్తే నేలా గోడా రెండూ చల్లబడతాయి. విశాలమైన స్థలంలో, బోరు నీరు నిలకడగా ఉన్నచోట, ఆటకు సరిపడా చిన్న పట్టీగా పచ్చిక ఉండవచ్చు. ప్లాస్టిక్ గడ్డి దీనికి ప్రత్యామ్నాయం కాదు. ఎండలో అది పాదం మోపలేనంత వేడెక్కుతుంది, నేలలో జీవాన్ని ఆపేస్తుంది.

అభ్యంతరాలు, వాటి పరిశీలన

చెట్టు వేర్లు పునాదిని ఎత్తేస్తాయన్న భయం అన్నిటికన్నా బలమైనది. అందులో కొంత వాస్తవం ఉంది. తడిస్తే ఉబ్బి, ఆరితే కుంచించుకుపోయే నల్లరేగడిలో పెద్ద చెట్టు పునాది పక్కన తేమను లాగేస్తే నేల కుంగి గోడ బీటలు వారవచ్చు. అలాంటి నేలలో చెట్టు పెరిగే ఎత్తుకు దాదాపు సమానమైన దూరం పాటించాలి. ఆ దూరం లేనిచోట చెట్టు మానుకుని పందిరితో సరిపెట్టుకోవాలి. ఎర్ర నేలలో, గట్టి మొరంలో ఈ ముప్పు చాలా తక్కువ. వేర్లు పైపుల్లోకి చొరబడేది ఎక్కువగా పైపు అతుకులు కారుతున్నప్పుడే. ఆకులు రాలి చెత్త అవుతుందన్న ఫిర్యాదుకు ఆ ఆకును పాదులోనే పరచడం సమాధానం. వేసవిలో తేమను నిలిపేది ఆ పరుపే. చెదల కారణంగా దాన్ని గోడకు అడుగు దూరంలో ఆపాలి. దోమల విషయంలో నిందను చెట్టు మీద కాక నిలవ నీటి మీద వేయాలి. డెంగీని మోసే ఈడిస్ దోమ కుండీల కింది పళ్లేల్లో, పూల తొట్లలో నిలిచిన మంచినీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికొకసారి ఆ నీటిని పారబోస్తే చాలు. పాములకు చోటిచ్చేది నేలను తాకే దట్టమైన పొదలు, ఇటుకల గుట్టలు. కింద రెండడుగులు కొమ్మలు లేకుండా కత్తిరించిన చెట్టూ పొదా వాటికి ఆశ్రయం కావు. దొంగలకు మాటు దొరకకుండా గేటు నుంచి గుమ్మం కనబడాలన్న కోరికకు కూడా ఇదే కత్తిరింపు సరిపోతుంది.

మిద్దె మీద సౌర పలకలు పెట్టుకునేవారి అభ్యంతరం కొత్తది, ఆలోచించదగినది. పలకల మీద నీడ పడితే విద్యుత్తు తగ్గుతుంది. దీనికి మార్గం చెట్టు ఎత్తును ఎంచుకోవడంలో ఉంది. ఒక అంతస్తు ఇంటికి పారిజాతం లాంటి చిన్న చెట్టు గోడను కప్పి మిద్దె అంచు దగ్గర ఆగుతుంది. పెద్ద వేప ఉన్న ఇంట్లో పలకలను దానికి దూరంగా, తూర్పు, దక్షిణాలు తెరపిగా ఉన్న భాగంలో అమర్చుకోవాలి.

ప్రాంతీయ భేదాలు

తెలంగాణ, రాయలసీమల పొడి వేడిలో ఆకుల ఆవిరి గాలిని చల్లబరుస్తుంది. అందువల్ల అక్కడ దట్టమైన నీడ, పాదుల్లో తడి బాగా ఫలిస్తాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురంలో మొక్కల సంఖ్య తగ్గించి, వేప, కానుగ, దానిమ్మ వంటి ఎద్దడికి ఓర్చేవాటికి చోటివ్వాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం తీరంలో గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కనుక ఆవిరితో వచ్చే చలువ స్వల్పం. అక్కడ ఊరటనిచ్చేది సముద్రపు గాలి. దాన్ని ఆపే ఎత్తయిన పచ్చ కంచె వేస్తే ఇల్లు ఉక్కిరిబిక్కిరవుతుంది. తీరంలో కాండం ఎత్తుగా, కింద ఖాళీగా ఉండి పైన గొడుగులా నీడపట్టే చెట్టు కావాలి. తుఫాను రెండో పరీక్ష. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు విశాఖలో వేల చెట్లు కూలి ఇళ్ల మీద, వాహనాల మీద పడ్డాయి. ఇంటి ముందు చెట్టు లోతుగా వేరూనాలంటే చిన్న మొక్కగా నాటాలి. కుండీలో ఏళ్లు గడిపి వేర్లు చుట్టలు చుట్టుకుపోయిన పెద్ద మొక్కను తెచ్చి పాతితే అది గాలికి నిలబడదు. నెల్లూరు వైపు ప్రధాన వాన ఈశాన్య రుతుపవనాలది కనుక అక్కడ నాట్లకు అదను కూడా మారుతుంది.

నాటడం, పోషణ

గుంతలను వేసవిలోనే తవ్వి ఎండకు ఆరనిస్తే పురుగుల గుడ్లు చస్తాయి. తెలంగాణ, కోస్తా ఉత్తర జిల్లాల్లో జూన్, జూలైల్లో రెండు మంచి వానలు పడ్డాక, నెల్లూరు, తిరుపతి ప్రాంతాల్లో అక్టోబరులో నాటితే మొదటి మూడు నెలల నీటిని వానే చూసుకుంటుంది. గృహప్రవేశం ఏప్రిల్‌లో జరిగితే ఆ వేసవికి పందిరీ కుండీలతో సరిపెట్టుకుని, చెట్టును వానల దాకా ఆపడం మేలు. మొక్కను నర్సరీ సంచిలో ఉన్న లోతుకే పాతాలి; కాండం మొదలు మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుంది. పాదును కాండం చుట్టూ కాక కొమ్మల అంచు కింద గుండ్రంగా తీయాలి, ఎందుకంటే నీరు తాగే లేత వేర్లు అక్కడ ఉంటాయి. మొదటి వేసవిలో చిన్న చెట్టుకు మూడు రోజులకొకసారి పదిహేను, ఇరవై లీటర్లు నిదానంగా ఇంకేలా పోయడం, రోజూ పైపైన తడపడం కన్నా మంచిది. పై తడికి అలవాటు పడ్డ వేర్లు లోతుకు దిగవు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు నేరుగా పాదుకు పోయవచ్చు. సబ్బు నీళ్లయితే అరటి, మెట్టతామర వంటివి పెంచిన ఇసుక మడి గుండా వడకట్టి వాడాలి. ఊతకర్రను కాండానికి బిగించి కట్టకుండా, గాలికి కాస్త ఊగేలా వదులుగా ఎనిమిది అంకె ఆకారంలో గోనెనారతో కడితే కాండం దానంతటదే బలపడుతుంది. ఏడాది నిండాక ఆ కర్ర తీసేయాలి, కట్టు కాండంలోకి కోసుకుపోక ముందే.